దొడ్డి లేని ఇల్లు

మా ఇంట్లో చేప ఎప్పుడూ దొడ్డిదారినే వచ్చేది. కాకినాడకి పది కిలోమీటర్ల దూరంలో మా ఊరు. వారానికి రెండుసార్లయినా ఒకావిడ నెత్తిన గంపతో పొద్దున్నే వచ్చి, దొడ్డి గుమ్మం అవతల నిలబడి "అమ్మగారూ, చందువాలు తెచ్చానండీ" అని కేకవేసేది. అమ్మ గంప దింపించుకుని, మొప్పలెత్తి చూసి, బేరమాడి కొనేది. ఆవిడకి దాహమైతే చెంబుతో దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసేది. ఆవిడ ఆ గుమ్మం దాటి లోపలికి రావడం నేనెప్పుడూ చూడలేదు. చేప కూడా పూర్తిగా లోపలికి వచ్చేది కాదు. దొడ్లో దానికో వేరే పొయ్యి, వేరే కత్తిపీట, 'నీచు గిన్నెలు' అని పేరుపెట్టి చూరుకింద బోర్లించిన రెండు దాకలు. పులుసు ఉడికాక మాత్రం ఆ వాసన గుమ్మాలేవీ లెక్కచెయ్యకుండా, ముందు వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న తాతయ్య దాకా వెళ్ళిపోయేది.

'నీచు' అనే మాటని ఇన్నేళ్ళూ ఎంత మామూలుగా వాడాం! 'మీరు నీచు తింటారా?' అని మర్యాదగానే అడుగుతాం. నీచు వాసన, నీచు గిన్నె, నీచు రోజు. మనుషుల్ని తిట్టడానికి వాడే 'నీచం' పక్కనే ఉంటుంది ఆ మాట. నిఘంటువులో వాటి సంబంధం ఎలా ఉన్నా, చిన్నప్పుడు వినే చెవికి అవి రెండూ ఒకటే. గంప మోసుకొచ్చే ఆవిడ ఒంటికీ, చీరకీ, ఆవిడ ఉండే పేటకీ అంటగట్టిన మాట అది. అదే చేప మా కంచంలోకి వచ్చేసరికి రుచి అయ్యేది. వాసన ఆవిడ పాలిట, రుచి మా పాలిట.

మా పాలిట అన్నాను గానీ అందులోనూ వాటాలున్నాయి. గోదావరి జిల్లాల వాళ్ళకి సామెత ఉంది కదా, పుస్తెలమ్మి అయినా పులస తినాలని. సముద్రంలో ఇలసగా తిరిగే చేప వరదల రోజుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. పుస్తెలు ఎవరి మెడలోవో అందరికీ తెలుసు. పులస ఎవరి కంచంలోకి వెళ్ళిందో సామెత చెప్పదు. మా ఇంట్లో నడిమి ముక్కలు తాతయ్యకీ నాన్నకీ, ఆ తర్వాత అన్నయ్యలకీ, ఆపైన మాకూ. అమ్మ కూర్చునేసరికి దాకలో తోకముక్కా, పులుసూ మిగిలేవి. "నాకు తోకే ఇష్టం" అనేది. కార్తీకమాసంలో అమ్మకి నియమం, నాన్నకి లేదు. నెల్లాళ్ళూ తను ముట్టకుండా నాన్నకి వండిపెట్టేది. రుచి చూడకుండానే, ఆవిరి మీదకి మొహం వంచి, "ఉప్పు తక్కువైంది" అని కనిపెట్టేది. ఇంటికొచ్చినవాళ్ళు ఆ నేర్పుని మెచ్చుకునేవారు. ఒక మనిషి తను తినని వంటలో అంత నేర్పు ఎందుకు సంపాదించాల్సి వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఈ దొడ్డి సంగతులన్నీ నేను మళ్ళీ తవ్వి తీయడానికి కారణం, కొన్నాళ్ళపాటు దొడ్డి లేని ఇంట్లో కాపురం చేయడం. 2018 నుంచి 2020 మొదటిదాకా నేనూ, నా సహచరుడూ ఒక తెరచాప పడవలో బతికాం. ముప్ఫై ఆరడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు. పడక, వంట, బల్ల, పటాలు, పనిముట్లు, ఉల్లిపాయలు అన్నీ ఒకే గదిలో.

ఇద్దరం ఇరవై ఏళ్ళు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉద్యోగాలు చేశాం. వారాంతాల్లో అద్దె పడవల్లో తెరచాప ఎత్తడం, దించడం నేర్చుకున్నాం. పడవలోనే ఉండాలన్న కోరిక ఆయనకి ముందునుంచీ ఉంది. నాకు ధైర్యం వచ్చింది మాత్రం 2017 అక్టోబరులో. భారత నౌకాదళంలోని ఆరుగురు స్త్రీలు 'తారిణి' అనే తెరచాప పడవలో భూమిని చుట్టిరావడానికి సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, మొదటి మజిలీగా మా పక్కనున్న ఫ్రిమాంటిల్ రేవుకి వచ్చారు. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. రేవు గట్టు మీద నిలబడి ఆ పడవని దూరంనుంచి చూశాను. ఆ వారం మా తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాల దగ్గర వాళ్ళ మాటే వచ్చింది. "పాపం, అన్ని నెలలు తిండి ఎలాగో! వంట ఎవరు చేస్తారో!" అని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు. మగవాళ్ళు సముద్రాలు దాటినప్పుడు ఎవరికీ రాని సందేహం అది. వాళ్ళు 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవా తిరిగొచ్చారు. ఆ నెలలోనే మేం పాత పడవకి బయానా ఇచ్చాం.

అయితే వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న మా పడవలోకీ వచ్చింది. పడవల మీద బతికే జంటల మధ్య ఒక మాట చెలామణీలో ఉంది: గులాబీ పనులు, నీలం పనులు. ఇంజను, లంగరు, కరెంటు తీగలు నీలం. వంట, సామాన్ల లెక్క, పక్కబట్టలు, అతిథులు గులాబీ. స్వేచ్ఛ కోసం ఇల్లూ వాకిలీ అమ్ముకుని సముద్రం మీదికి వచ్చినవాళ్ళు కూడా ఈ రంగుల డబ్బాలు మాత్రం మోసుకొస్తారు. రేవుల్లో మగవాళ్ళు ఒకచోట చేరి గాలుల గురించి మాట్లాడుకుంటూంటే, ఆడవాళ్ళు ఏ ఊళ్ళో గుడ్లు చవకో చెప్పుకోవడం చూస్తే మా ఊరి పేరంటాలే గుర్తొచ్చాయి. ఆ కబుర్లు ఎంత విలువైనవో తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

మా పంపకం కాపలాని బట్టి జరిగింది. నడిసముద్రంలో ఎవరో ఒకరు ఎప్పుడూ మెలకువగా ఉండాలి. నాలుగేసి గంటల వంతులు. చుక్కాని దగ్గర లేనివాళ్ళు వండాలి. దానితో రోజుకో పూట వంట ఆయనకి రాక తప్పలేదు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకి మొదటిసారి, వేరొకరు వండిన చారన్నం నేను ఊగే పడవలో చుక్కాని పట్టుకుని తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. చాలా బాగుంది.

పడవ వంటిల్లు చూస్తే మా అమ్మ నవ్వేది. రెండు బారల చోటు. పొయ్యి గోడకి బిగించి ఉండదు. పడవ ఎటు ఒరిగినా సమంగా నిలిచేలా రెండు బందుల మీద వేలాడుతుంది. గిన్నెలు జారకుండా చుట్టూ కడ్డీలు. వండేవాళ్ళు పడిపోకుండా నడుముకి పట్టీ. ప్రెషర్ కుక్కరుని మించిన వస్తువు లేదు, మూత బిగిసి ఉంటుంది కాబట్టి అలకి ఒలికిపోదు. గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి, చివర్న గ్లాసుడు మంచినీళ్ళతో తొలిచేవాళ్ళం. ఉల్లి, బంగాళాదుంప గాలి ఆడేలా వలసంచుల్లో వేలాడేవి. గుడ్లని రోజూ తిరగేసి పెడితే ఫ్రిజ్ లేకుండానే వారాలు నిలిచేవి. కూరగాయలు అయిపోయాక పెసలు మొలకెత్తించుకునేవాళ్ళం. చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవపిండి, మెంతులు, ఇవి నా మందుల పెట్టె.

2019 సెప్టెంబరులో కోకోస్ దీవుల నుంచి రోడ్రిగ్స్ దీవికి బయలుదేరాం. రెండు వేల నాటికల్ మైళ్ళు, పదహారు రోజులు. వెనకనుంచి ఆగ్నేయపు గాలి, ఎటు చూసినా నీళ్ళు. పడవ వెనక ఒక దారం, దాని చివర్న గాలం. అయిదో రోజు పొద్దున దారం బిగిసింది. నా చేతుల్తో లాగాను. సూర చేప, టూనా అంటున్నామే, అది. మూడు కిలోలు ఉంటుందేమో. ఎండలో దాని వీపు నీలం, పొట్ట వెండి. చంపడం నా వంతయింది. గంపలోకి వచ్చిన చేపనే చూసిన నాకు, బతికున్న చేపని చంపి తినడం అంటే ఏమిటో ఆ రోజు చేతులకి తెలిసింది. ఆ పని ఇన్నేళ్ళూ ఎవరో చేసి, ఆ నెత్తురు కడిగి, మాకు తెచ్చి ఇచ్చారు.

దాన్ని కడిగేందుకు వేరే చోటు లేదు, వండేందుకు వేరే పొయ్యి లేదు, నీచు గిన్నె లేదు. ఉన్నవి రెండు గిన్నెలు. పొద్దున్న పాలు కాచిన దాంట్లోనే పులుసు. వాసన దిండ్లకి పట్టింది, జుట్టుకి పట్టింది, పటాలకి పట్టింది. మా ఊళ్ళో దొడ్డి అంటే ఎన్నిటికి చోటో అప్పుడు లెక్కపెట్టుకున్నాను. చేపకి, చేపలావిడకి, అంట్లకి, ముట్టయిన మూడు రోజులు ఆడవాళ్ళకి. ఇంటిని శుభ్రంగా ఉంచడానికి ఎన్నిటిని బయటికి నెట్టాలో అన్నిటికీ అది చోటు. ముప్ఫై ఆరడుగుల పడవలో బయట అంటే సముద్రమే. నెట్టడానికి చోటు లేనప్పుడు మైల అనే మాటే నిలబడలేదు. నడిమి ముక్క నేను వేసుకున్నాను, పట్టింది నేనే కాబట్టి. శాటిలైట్ ఫోన్లో అమ్మకి సందేశం పంపాను. రెండు రోజుల తర్వాత అన్నయ్య చేత జవాబు రాయించింది: "తోక పారేయకు, పులుసుకి రుచి దాంట్లోనే ఉంటుంది." తోక నిజంగానే ఇష్టమేమో మా అమ్మకి! ఇష్టమో, అలవాటో, ఆవిడకే తెలియకుండా పోయిందేమో. మన తల్లుల ఇష్టాలు తెలుసుకోవడం ఇంత కష్టమెందుకైంది?

రోడ్రిగ్స్ మారిషస్ దేశంలో భాగం. మారిషస్‌కి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఒక మిట్ట. మొత్తం 108 చదరపు కిలోమీటర్లు. దాన్ని చుట్టుకుని ఉన్న పగడపు దిబ్బల లోపలి మడుగు నేలకి రెట్టింపు పైనే. 2002 నుంచి సొంత ప్రాంతీయ సభ ఉంది. జనం ఎక్కువగా ఆఫ్రికా, మడగాస్కర్ మూలాలున్న క్రియోల్‌లు. పోర్ట్ మాథురిన్ అనే చిన్న రేవు గట్టుకి పడవ కట్టాం. మారిషస్ నుంచి సరుకుల ఓడ వచ్చిన రోజున, అది తిరగడానికి చోటుకోసం మా పడవలన్నీ బయటికి పోయి లంగరు వేయాలి. ఆ ఓడ వస్తేనే ఊళ్ళోకి బియ్యం, పిండి, గ్యాసు.

శనివారం తెల్లవారుజామున సంత. పదహారు రోజులు ఆకు మొహం ఎరగని దాన్ని, ములగాకు కట్టలు చూసి నిలబడిపోయాను. అక్కడ దాన్ని 'బ్రెద్ మురూమ్' అంటారు. బ్రెద్ అంటే ఆకుకూర, మురూమ్‌లో తమిళుల మురుంగై వినిపిస్తోంది. కరివేపాకు 'కారిపులే'. పచ్చడి 'సతిని'. చెరకు తోటలకి కూలీలుగా మారిషస్ వచ్చిన మనవాళ్ళ మాటలు, ఆఫ్రికా మూలాల వాళ్ళ నోళ్ళలో, ఫ్రెంచి యాసతో. బల్లల మీద చిన్న నిమ్మకాయల ఊరగాయ, మిరపకాయల ముద్ద, తేనె, ఎర్ర చిక్కుడు గింజలు, ఎండబెట్టిన ఆక్టోపస్. అమ్మేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. రేవులో గుడ్ల ధర చెప్పుకునే ఆడవాళ్ళని తేలిగ్గా చూడకూడదని ఇక్కడ తెలిసింది. పగడపు దిబ్బల చేపల్లో కొన్నిటికి 'సిగ్వతెరా' అనే విషం ఉంటుంది. చేప చూడ్డానికి బాగానే ఉంటుంది, వండినా విషం పోదు. ఏ చేప తినొచ్చో, ఏది కూడదో మా పడవలో ఉన్న పుస్తకాల కన్నా, సంతలో కూరలమ్మే ఆడవాళ్ళకి ఎక్కువ తెలుసు.

వాళ్ళలో ఒక పెద్దావిడ నాకు దగ్గరైంది. అరవై దాటి ఉంటాయి. అక్కడ పెద్దవాళ్ళని 'తాంతీన్' అంటారు, మనం పిన్నీ, అత్తా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ ఆక్టోపస్ పడుతుంది. అక్కడ దాని పేరు 'ఊరిత్'. నేను వెళ్ళేసరికి వేట మూసి ఉంది. 2012 నుంచి ఏటా ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు నడిమిదాకా మడుగులో ఊరిత్ పట్టకూడదు. అవి త్వరగా పెరుగుతాయి, రెండు నెలలు వదిలేస్తే బరువు తేలిగ్గా రెట్టింపు దాటుతుంది. మూసి ఉంచిన రోజుల్లో తీరం శుభ్రం చేయడం లాంటి పనులకి ప్రాంతీయ ప్రభుత్వం కూలి ఇస్తుంది. మొదట్లో అందరూ తిట్టుకున్నామని, తెరిచిన రోజు పెద్ద పెద్ద ఊరిత్‌లు దొరికాక తిట్టడం మానేశామని తాంతీన్ చెప్పింది.

అది తెరిచే రోజుదాకా ఆగిపోయాం. ఆ పొద్దున నీళ్ళు వెనక్కి తీశాక, తాంతీన్ వెంట మడుగులోకి నడిచాను. మోకాళ్ళ లోతు నీళ్ళు. ఆవిడ కాళ్ళకి పాత బూట్లు, తలకి ఆకు టోపీ, చేతిలో పొడవాటి ఇనుప చువ్వ. రాతిచేప ముల్లు గుచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకే బూట్లు. కనుచూపు మేర అలాంటి టోపీలే, ఎక్కువ ఆడవాళ్ళవి. ఊరిత్ రంగు మార్చి రాయిలో రాయిలా ఉంటుంది. నాకు ఏమీ కనిపించలేదు. ఆవిడ మాత్రం ఒక రంధ్రం ముందు ఆగి, అక్కడ పడి ఉన్న గవ్వలూ పీత పెంకులూ చూపించింది. తిన్నవి ఇంటి ముందు పారేస్తుంది కాబట్టి దొరికిపోతుంది. మూడు గంటల్లో ఆవిడ తీగకి తొమ్మిది గుచ్చింది. నడుము వంచడం, లేవడం, మళ్ళీ వంచడం. నాట్లు వేసే ఆడవాళ్ళ నడుములు చూసినవాళ్ళకి కొత్త కాదు. తిరిగొచ్చాక గట్టు మీద రాతికేసి బాది మెత్తన చేయడం, కడగడం, కర్రలకి ఆరేయడం, అమ్మడం అన్నీ ఆవిడే.

"మీకు జాలరి కార్డు ఉందా?" అని అడిగాను. మారిషస్‌లో పేరు నమోదైన జాలరులకి వాతావరణం బాగాలేని రోజులకి భత్యం ఇస్తారు. "మా ఆయనకుంది. ఆయనకి పడవుంది కదా! నేను నడుస్తాను" అంది.

నడుస్తాను. ఎంత సాదాగా అందో. పడవ ఎక్కితే వేట, నడిస్తే ఏరుకోవడం. ప్రపంచమంతటా చేపల లెక్కల్లో ఇలాగే జరుగుతూ వచ్చింది. నీళ్ళు తీసినప్పుడు గట్టు వెంట నడుస్తూ స్త్రీలు పట్టే నత్తలు, పీతలు, ఆక్టోపస్‌లు చాలా దేశాల లెక్కల్లోకి సరిగా ఎక్కలేదు. చేప పట్టకముందు, పట్టిన తర్వాత జరిగే పనిని, అందులో స్త్రీల పనిని కలిపి చూడాలని ఆహార వ్యవసాయ సంస్థ చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాల్లో రాసుకున్నది 2014లో.

మన తీరం చూడండి. ఆంధ్రాలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, మంచిదే. ఆ రోజులకి మత్స్యకారులకి ఇచ్చే భృతిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం 20 వేల రూపాయలు చేసింది. అది పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళకి. రేవులో చేప పాట పాడుకుని, గంపకెత్తుకుని ఊళ్ళమ్మట తిరిగే ఆవిడకి ఆ 61 రోజులూ గంప ఖాళీయే. ఎండుచేపలు ఆరబెట్టే ఆవిడకి ఆరబెట్టడానికి ఏమీ ఉండదు. కోరంగి మడ అడవుల బురదలో చెయ్యిపెట్టి పీత పట్టే ఆవిడ పడవ ఎక్కదు, నడుస్తుంది. దొడ్డి అనేది మా ఇంట్లోనే ఉందనుకున్నాను. ప్రభుత్వ కాగితాల్లోనూ ఉంది.

ఆ సాయంత్రం తాంతీన్ ఇంట్లోనే వంట. ఊరిత్‌ని ఉడకబెట్టి, ముక్కలు కోసి, ఉల్లిపాయ, నిమ్మరసం, నూనె, పచ్చిమిర్చి కలిపింది. నమిలితే లేత జీడిపప్పుకీ, ఉడికిన రొయ్యకీ మధ్య ఎక్కడో ఉంది రుచి, చివర్న సముద్రపు తీపి. మిగిలినదాన్ని నేను చింతపండు పులుసు పెట్టాను. మెంతి పొగరూ, ఆవ ఘాటూ తగిలేసరికి తాంతీన్ దగ్గి, నవ్వి, ఇంకొంచెం వేసుకుంది. మొక్కజొన్న రవ్వ ఉడికించిన సంకటి లాంటి దానితో తిన్నాం. రుచి గురించి ఇంత రాస్తున్నందుకు కొందరు మిత్రులు నొసలు చిట్లించొచ్చు. వంటింటి నుంచి బయటపడాలని రాసిన తరం మనది. వంటిల్లు బరువైనప్పుడు తిండి మీద మమకారం కూడా అనుమానంగానే కనిపించింది. కానీ ఆకలేసి, తృప్తిగా, వేళకి, మంచి ముక్క తినడం కూడా మనకి దక్కనివాటిలో ఒకటి. దాన్ని వదులుకోవడం విముక్తి కాదని ఆ బల్ల దగ్గర గట్టిగా అనిపించింది.

ఊరిత్ గురించి ఒక విషయం చాలామంది చెబుతారు. ఆడది జన్మకి ఒక్కసారే గుడ్లు పెడుతుంది. వాటికి కాపలా కాస్తూ తిండి మానేస్తుంది. గుడ్లు పిల్లలయ్యాక చచ్చిపోతుంది. ఇది నిజమే. రేవులో పక్క పడవాయన ఈ సంగతి చెప్పి, "తల్లి అంటే అదీ!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక ప్రాణి శరీరంలో జరిగే మార్పుని మనుషులకి ఆదర్శంగా చూపించడం మొదలుపెడితే, తోకముక్క తిన్న అమ్మలందరూ ఆ లెక్కలోనే పోతారు. ఊరిత్ తినకపోవడానికి కారణం దాని దేహంలో ఉంది. అమ్మ తినకపోవడానికి కారణం మా ఇంట్లో ఉంది.

మరో సంగతి కూడా చెప్పాలి. మేం ఆ దీవిలో ఉన్నది నాలుగు వారాలు. నచ్చింది తిన్నాం, నచ్చినప్పుడు తెరచాప ఎత్తాం. పొదుపుగా బతుకుతున్నామని పడవల వాళ్ళం అనుకుంటాం గానీ, వెళ్ళిపోగలగడమే పెద్ద ఆస్తి. తాంతీన్ నడుము నొప్పితో ఆ మడుగులోకి మర్నాడూ నడిచింది. మేం బేరమాడకుండా కొన్నాం. దానితో ఆ తేడా పోదు, తెలుసు.

రోడ్రిగ్స్ నుంచి మారిషస్‌కి మూడు రోజుల ప్రయాణం. పోర్ట్ లూయీ రేవులో లంగరు వేసినప్పుడు నాకు గుర్తొచ్చింది జాన్ బారే. 1766లో ఫ్రెంచి నౌకల మీద స్త్రీలకి ప్రవేశం లేని రోజుల్లో, మగవేషం వేసుకుని, వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సన్‌కి సహాయకుడిగా బూగాన్‌విల్ యాత్రలో వెళ్ళింది. మొక్కలు ఏరింది, మోసింది. 1768లో ఇద్దరూ ఈ రేవులోనే దిగిపోయారు. 1773లో ఆయన చనిపోయాక ఆవిడ ఇక్కడే ఒక సారా దుకాణం నడిపి బతికింది. ఆదివారం పూట సారా అమ్మినందుకు జరిమానా కట్టింది కూడా. తర్వాత ఫ్రాన్స్ చేరడంతో, భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా చరిత్రకెక్కింది. మొక్కల పేర్ల కింద ఆయన పేరుంది. ఆవిడ పేరు కాగితాల్లో మిగలడానికి జరిమానా కూడా కావాల్సి వచ్చింది.

అదే రేవుకి పందొమ్మిదో శతాబ్దంలో మనవాళ్ళు వచ్చారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కారు కాబట్టి మారిషస్‌లో తెలుగువాళ్ళకి 'కోరంగి' అనే పేరు పడింది. మా ఊరికి అంత దగ్గర కోరంగి! 1839 తుఫానులో ఆ రేవు ఊడ్చుకుపోయిందని చదువుకున్నానే గానీ, ఆ పేరు ఇంకో సముద్రం అవతల బతికే ఉందని ఊహించలేదు. అక్కడివాళ్ళు ఇప్పటికీ ఉగాది చేస్తారు, దేశమంతటికీ సెలవు. అమ్మోరు పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు. ఓడెక్కినవాళ్ళలో గంపలు మోసినవాళ్ళు, నాట్లు వేసినవాళ్ళు, దొడ్డి గుమ్మం అవతల నిలబడినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. ఓడలో అందరికీ కలిపి ఒకే వంట.

పరిచయమైన ఒక తెలుగు కుటుంబం భోజనానికి పిలిచింది. ఇంటి పెద్దావిడకి డెబ్భై అయిదేళ్ళు. తెలుగు పాటలు కొన్ని వచ్చు, మాట్లాడ్డం రాదు. క్రియోల్‌లో ఆవిడ చెబితే మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. చేప ముక్కలు వేయించి, పసుపు, నూరిన ఆవాలు, వెల్లుల్లి, సిర్కాతో ఊరబెట్టిన 'విందాయ్' చేసింది. అది మన వంట కాదు, ఎవరెవరి చేతులో కలిసిన వంట. ఆవాల ఘాటు మాత్రం నేరుగా మా దొడ్లో పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో వంటగది వీధివైపే ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టాక, మేమంతా వడ్డించుకునేదాకా ఆగుతుందేమోనని నేను చూస్తూంటే, ఆవిడ మాతోపాటే కుర్చీ లాక్కుని కూర్చుంది. గరిటె తీసుకుని, ముక్కలు అటూ ఇటూ కదిపి, నడిమి ముక్క వెతికి తన కంచంలో వేసుకుంది. తర్వాత గరిటె నా చేతికిచ్చింది.